మెట్లు దాటిన తీగ: విశ్వమోహన్ భట్, రై కూడర్, వారి ముందరి ప్రయాణాలు

సభకు నమస్కారం. పగలంతా ఎండలో తిరిగి, సాయంత్రం ఇళ్లకు వెళ్లకుండా సంగీతం గురించి వినడానికి ఇక్కడికి వచ్చిన నల్లగొండ మిత్రులందరికీ, పాలమూరు నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దలకూ నా కృతజ్ఞతలు. నేను మాట్లాడబోయేది ఇద్దరు వాద్యకారులు కలిసి చేసిన ఒకే ఒక్క రికార్డు గురించి. అంతకంటే ఎక్కువగా, ఆ ఇద్దరూ ఒకరికొకరు తెలియని కాలంలో ఎవరి దారిలో వారు చేసుకున్న పని గురించి.

1992 సెప్టెంబరులో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం సాంటా బార్బరాలో, ఒక క్రైస్తవ విద్యాలయానికి చెందిన ప్రార్థనా మందిరంలో ఈ రికార్డింగు జరిగింది. ఒకరు గిటారును రాగాలకు తగినట్టు మలుచుకున్న జైపూర్‌ పండిత్ విశ్వమోహన్ భట్, మరొకరు లాస్ ఏంజిలిస్‌లో పుట్టి పెరిగిన గిటారు వాద్యకారుడు రై కూడర్. రికార్డింగుకు గంట ముందు కూడా వారికి ముఖపరిచయం లేదు, రిహార్సల్ అన్నమాటే లేదు. తబలా మీద సుఖ్వీందర్ సింగ్ నామ్‌ధారీ, నడుము సన్నగా ఉండే దుంబెక్ అనే అరబ్బు డోలు మీద కూడర్ కొడుకు జోవాకిమ్ కూర్చున్నారు. ఆ పిల్లవాడికి అప్పుడు 14 ఏళ్లు. వాయించినవి నాలుగు అంశాలు, అన్నీ కలిపి సుమారు 40 నిమిషాలు. వాటర్ లిలీ అకౌస్టిక్స్ అనే చిన్న సంస్థ దాన్ని 1993లో 'ఎ మీటింగ్ బై ద రివర్' పేరుతో విడుదల చేసింది. 1994లో ప్రపంచ సంగీత విభాగంలో దానికి గ్రామీ పురస్కారం వచ్చింది.

ఈ సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఆ ఒక్క గంట దగ్గరే ఆగిపోతారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు కూర్చుని అంత గొప్పగా వాయించడం ఒక అద్భుతమని చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. అలా చెప్పడం ఆ ఇద్దరికీ అన్యాయం చేయడమేనని నాకు అనిపిస్తుంది. ఆ గంట వెనుక ఇద్దరివీ కలిపి యాభై ఏళ్ల సాధన ఉంది, ఆ సాధన వెనుక వంద ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొత్తం ఒక చిన్న విషయం చుట్టూ తిరుగుతుంది. అది మాటల కంటే చేసి చూపిస్తే తేలికగా అర్థమవుతుంది.

ఇక్కడ బల్ల మీద ఒక మామూలు గిటారు ఉంది. దీని మెడ మీద అడ్డంగా బిగించిన ఈ సన్నని లోహపు కడ్డీలను మనం మెట్లు అంటాం. ఆ మాట మనకు కొత్త కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల ప్రాంతానికి చెందిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు దేశమంతా 'పన్నెండు మెట్ల కిన్నెర' అన్న మాట విన్నది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో నిలిపిన మెట్లు, పైన నెమలి ఈకలు, అద్దాలు, ఇదీ మన కిన్నెర. పండుగ సాయన్న కథను పాలమూరు ఊళ్లకు ఊళ్లు విన్నది ఆ మెట్ల మీదనే. మెట్టు ఉన్న వాద్యంలో వేలు ఏ మెట్టు దగ్గర ఆగితే ఆ స్వరం పలుకుతుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్లాలంటే మెట్టు దిగి మెట్టు ఎక్కాలి.

ఇప్పుడు ఎడమచేతి వేళ్లను పక్కన పెట్టి, ఈ స్టీలు గ్లాసు అంచును తీగ మీద ఆనిస్తున్నాను. నొక్కడం లేదు, ఆనించాను, అంతే. కుడిచేత్తో మీటి, గ్లాసును మెల్లగా పైకి జరుపుతున్నాను. విన్నారా? మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి కానీ తీగకు వాటితో పని లేదు. షడ్జమం నుంచి రిషభానికి, అక్కడి నుంచి గాంధారానికి అది దూకకుండా, మధ్యలో ఉన్న ప్రతి చోటునూ తాకుతూ పోతున్నది. మన పెద్దలు దీన్ని జారు అన్నారు, హిందుస్తానీ వాళ్లు మీండ్ అంటారు. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. మెట్టు ఉన్నప్పుడు స్వరం తప్పకుండా అది కాపాడుతుంది. ఇక్కడ కాపాడేది వాయించేవాడి చెవి ఒక్కటే. నా గ్లాసు వెంట్రుకవాసి పక్కకు పోయినందుకు, ముందు వరుసలో ఇద్దరు మొహం చిట్లించడం నేను చూశాను. అది న్యాయమే.

ఈ జారు విద్య ఒక్క చోట పుట్టి ప్రపంచమంతా పాకలేదు, చాలా చోట్ల విడివిడిగా మొలిచింది. దక్షిణాదిన గోటువాద్యం, ఉత్తరాదిన విచిత్రవీణ, రెండూ మెట్లు లేని వీణలే. తీగ మీద మొద్దునో గాజు ముక్కనో జరుపుతూ వాయిస్తారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాల్లో పిల్లలు గోడకు ఒక ఇనుప తీగ బిగించి, దాని మీద సీసా జరుపుతూ పాటలు పలికించేవారు. 1903 ప్రాంతంలో మిసిసిపి రాష్ట్రంలోని టట్‌వైలర్ అనే చిన్న రైల్వే స్టేషనులో, రైలు కోసం ఎదురుచూస్తూ కునుకుపాట్లు పడుతున్న డబ్ల్యూ. సి. హాండీ అనే సంగీతకారుడు ఒక వింత ధ్వనికి మేలుకున్నాడు. పక్కనే చినిగిన బట్టలు కట్టుకున్న ఒక మనిషి గిటారు తీగల మీద కత్తిని నొక్కి జరుపుతూ పాడుతున్నాడు. ఆ మనిషి పేరేమిటో హాండీ తెలుసుకోలేదు. అమెరికా నల్లజాతివారి పాటల నుంచి పుట్టిన బ్లూస్ సంగీత చరిత్ర చెప్పేవాళ్లు తరచూ ఆ స్టేషను బెంచీ దగ్గరే మొదలుపెడతారు.

మూడో మొలక పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్న హవాయి దీవుల్లో వచ్చింది. 19వ శతాబ్దం చివర జోసెఫ్ కెకుకు అనే విద్యార్థి గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఉక్కు కడ్డీతో వాయించే పద్ధతిని తీర్చిదిద్దాడు. అక్కడి వాద్యబృందాలు ఓడలెక్కి ఆ పద్ధతిని అటు అమెరికాకూ ఇటు ఆసియాకూ తీసుకుపోయాయి. టౌ మో అనే హవాయి వాద్యకారుడు 1940లలో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పించాడు. మన పాత సినిమా పాటల్లో హవాయన్ గిటారు అంత తీయగా వినిపించడానికి వేరు అక్కడుంది. ఆ వాద్యాన్ని రాగసంగీతానికి ఎక్కించినవారు సరోద్ విద్వాంసులు అలీ అక్బర్ ఖాన్ గారి శిష్యులు బ్రిజ్ భూషణ్ కాబ్రా. ఆయనది ఒంటరి సాహసం. గిటారు మీద రాగం ఏమిటని నవ్వినవాళ్ల మధ్య ఆలాపన చేసి ఒప్పించారు.

ఇక ఆ ఇద్దరి సంగతికి వస్తాను. రై కూడర్ 1947లో పుట్టారు. నాలుగేళ్ల వయసులో కత్తి తగిలి ఒక కన్ను పోయింది. గిటారు చేతికి వచ్చిందీ ఆ పసితనంలోనే. 1965 నాటికి, ఇరవై నిండకుండానే, తాజ్ మహల్ అనే పేరు పెట్టుకున్న నల్లజాతి గాయకుడితో కలిసి రైజింగ్ సన్స్ అనే బృందంలో వాయించారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే వేదిక మీద కూర్చోవడం అమెరికాలో ఇంకా అరుదుగా ఉన్న రోజులవి. ఆ బృందం ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత రోలింగ్ స్టోన్స్ వంటి పెద్ద బృందాల రికార్డింగుల్లో కూలీకి వాయించారు. 1970లో సొంత రికార్డు తెచ్చారు.

కూడర్‌లో నాకు గౌరవం కలిగించేది ఆయన వేళ్ల వేగం కాదు, ఆయన వెళ్లి ఎవరి పక్కన కూర్చున్నారన్నది. 1976లో చేసిన ఒక రికార్డు కోసం టెక్సాస్ సరిహద్దు మెక్సికన్ల అకార్డియన్ వాద్యకారుడు ఫ్లాకో హిమెనెజ్ దగ్గరికి, హవాయి గిటారు పెద్ద గాబీ పహినుయి దగ్గరికి వెళ్లారు. అదే హవాయి, జారు పద్ధతి ఓడెక్కిన చోటు. 1984లో వచ్చిన 'పారిస్, టెక్సాస్' చిత్రానికి సంగీతం చేసినప్పుడు, 1927లో బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధగాయకుడు మాటల్లేకుండా మూలుగులతో, జారే తీగతో చేసిన ఒక రికార్డును ఆధారంగా తీసుకున్నారు. ఎడారిలో ఒక మనిషి నడుస్తుంటే ఒక్క గిటారు తీగ మాత్రమే మోగుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల్లో ఉంచిన, భూమి మీది ధ్వనులు నింపిన బంగారు రికార్డు పళ్లెంలో జాన్సన్ పాడిన ఆ రికార్డు ఉంది, అదే పళ్లెంలో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి కూడా ఉంది. ఆ రెండు సంగీతాలూ సాంటా బార్బరా కంటే 15 ఏళ్ల ముందే ఒకచోట చేరి, సూర్యుడికి దూరంగా ప్రయాణం కట్టాయి.

విశ్వమోహన్ భట్ 1950లో జైపూర్‌లో సంగీతం ఇంట పుట్టారు. అన్నగారు శశిమోహన్ భట్ రవిశంకర్ శిష్యులు, తానూ ఆ గురువు దగ్గరికే చేరారు. ఇంటికి సితారు నేర్చుకోవడానికి వచ్చిన ఒక జర్మన్ యువతి చేతిలోని గిటారును చూసి తన ప్రయోగం మొదలైందని ఆయనే చెబుతుంటారు. ఆ గిటారును ఆయన ఉన్నదున్నట్టు వాయించలేదు, దాదాపు విప్పి మళ్లీ కట్టారు. తీగలను ఎత్తుగా బిగించడంతో మెట్లకు పని పోయింది. రాగం పలికే తంత్రులు 3, శ్రుతి నిలిపే తంత్రులు 5, వాటి కింద తరఫ్ తంత్రులు 12, మొత్తం 20. తరఫ్ తంత్రులను ఎవరూ మీటరు. పైన స్వరం సరిగ్గా పలికితే అవి వాటంతట అవే కంపిస్తాయి. తప్పు పలికితే మౌనంగా ఉంటాయి. దానికి ఆయన మోహన వీణ అని పేరు పెట్టారు. అంతకు ముందే రాధికా మోహన్ మైత్ర చేసిన సరోద్ ప్రయోగానికి అదే పేరు ఉండేదని కూడా మనం గుర్తుంచుకోవాలి, ఆ పెద్దాయన పేరు మరుగున పడకూడదు.

ఇరవై తంత్రుల బిగువును మామూలు గిటారు చెక్క తట్టుకోదు. వాటి లాగుడుకు మెడ వంగిపోతుంది, పైపలక లేస్తుంది. అందుకే పైపలక కమాను తీరుగా ఉబ్బి ఉండే గట్టి గిటారును ఆయన ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి ఇలా చెక్కతో, తీగతో కుస్తీ పట్టిన మనిషికి, ఆ మందిరంలో ఎదుటివాడి తీగ ఏమంటున్నదో అర్థం కావడానికి గంట అక్కరలేదు.

అర్థం కావడానికి ఇంకో కారణం శ్రుతి. మన వీణ తీగలను షడ్జమ పంచమాలకు కడతాం కదా. బ్లూస్ వాదకులు గిటారును మామూలు పద్ధతిలో కట్టరు. వాళ్లు వాడే ఒక పద్ధతిలో ఆరు తీగలూ వరుసగా సా, పా, సా, గా, పా, సా పలుకుతాయి. వేలు పెట్టకుండా చెయ్యి ఆడిస్తే తంబూరాకు దగ్గరి చుట్టంలా మోగుతుంది. అలాగే బ్లూస్ పాటలో గాంధారం మనం అనే సాధారణ గాంధారం దగ్గరా నిలవదు, అంతర గాంధారం దగ్గరా నిలవదు, రెండింటి నడుమ ఊగుతుంది. మెట్టు ఉన్న వాద్యం మీద ఆ చోటు లేనే లేదు, జారే తీగ మీద ఉంది. కచేరీల్లో ఏ రాగాన్నైనా మనం గుర్తుపట్టేది స్వరాల జాబితాతో కాదు, ఆ స్వరాల నడుమ నడకతో. కూడర్‌కు రాగశాస్త్రం తెలియదు, భట్‌కు బ్లూస్ చరణాల కట్టుబాటు తెలియదు, కానీ ఇద్దరికీ ఆ నడిమి చోటు బాగా తెలుసు.

నేను ఈ రికార్డును మొదట విన్నది క్లాక్ టవర్ దగ్గరి ఒక అద్దెగదిలో, మిత్రుడు హైదరాబాదు నుంచి తెచ్చిన క్యాసెట్లో. 'గంగా డెల్టా బ్లూస్' అన్న అర్థం వచ్చే మూడో అంశం దగ్గర క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, ఏ తీగ ఎవరిదో పట్టుకోవడానికి ఇద్దరం అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. తరఫ్ తంత్రుల మెరుపు వెంట పోతే భట్ దొరుకుతారు. తీగ మీద గాజు రాపిడి, ఆ వెనుక కాస్త నిశ్శబ్దం వినిపిస్తే అది కూడర్. ఆయన తక్కువ వాయిస్తారు. నిర్మాత కవిచంద్రన్ అలెగ్జాండర్ ఒక్కొక్క వాద్యాన్ని విడిగా రికార్డు చేసి తర్వాత అతికించలేదు. రెండు మైకులు పెట్టి, నలుగురూ ఒకేసారి వాయించిందాన్ని గది గాలితో సహా పట్టుకున్నారు. అందుకే ఒకరు వెనక్కి తగ్గడం, ఒకరు అందుకోవడం మనకు అంత దగ్గరగా వినిపిస్తాయి.

ఇలాంటి సంగీతాన్ని సంగమం అని పిలవడం మనకు అలవాటు. మన జిల్లాలో వాడపల్లి ఉంది, అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కలిశాక కిందికి పోయే నదిని ఎవరూ మూసీ అనరు. సంగమంలో ఒక పేరు మిగులుతుంది, ఇంకొకటి పోతుంది. ఈ రికార్డులో ఎవరి పేరూ పోలేదు. మొదటి స్వరం నుంచి చివరిదాకా భట్ రాగంలోనే ఉన్నారు, కూడర్ తన బ్లూస్‌లోనే ఉన్నారు. దాని పేరు కూడా నది ఒడ్డున కలుసుకోవడమే, నదులు కలవడం కాదు. ఈ మధ్య 'ఫ్యూజన్' పేరుతో వేదికల మీద జరిగే పనిలో చాలా భాగం నాకు రుచించకపోవడానికి కారణం ఇదే. రెండు సంగీతాలను పక్కపక్కన పెట్టి కింద ఒక డ్రమ్ తాళం పరిస్తే అవి కలవవు. రెండింటిలోనూ తిరిగి, వాటికి సమానమైన ఒక సూక్ష్మమైన చోటు ఎక్కడుందో వెతకాలి. అది వెతకడానికి ఆ ఇద్దరికీ చెరి పాతికేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఎవరి దారిన వారు పోయారు. కూడర్ మాలి దేశపు అలీ ఫర్కా టూరేతో 1994లో, క్యూబా వృద్ధ కళాకారులతో 1997లో తెచ్చిన రికార్డులు అందరికీ తెలిసినవే. భట్ అమెరికా వాద్యకారులతోనూ, చైనా వాద్యకారిణితోనూ కలిసి వాయించారు. 2002లో పద్మశ్రీ, 2017లో పద్మభూషణ్ అందుకున్నారు. 1995లో ఆయన కలిసి రికార్డు చేసిన వారిలో తాజ్ మహల్ ఉన్నారు. ఇరవై నిండని కూడర్ పక్కన 1965లో పాడిన ఆ గాయకుడే.

ఇప్పుడు మీకు నాలుగో అంశం వినిపిస్తాను. అది రాగమూ కాదు, బ్లూసూ కాదు. ఫిజీ దీవుల ప్రజలు వీడ్కోలు వేళ పాడుకునే 'ఇసా లేయి' అనే పాట. ఆ దీవుల చెరకు తోటలకు ఓడల్లో పోయిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. జారే తీగను అటు అమెరికాకూ ఇటు మన దేశానికీ పంపిన హవాయి కూడా ఆ సముద్రంలోనిదే. జైపూర్ మనిషీ, లాస్ ఏంజిలిస్ మనిషీ చివరికి ఆ సముద్రం పాటనే ఎంచుకున్నారు. దయచేసి ఫ్యాన్లు కాసేపు ఆపండి. మొదట్లో తీగ మీద గాజు ఆనిన చిన్న చప్పుడు ఈ హాల్లో వినిపించాలి.