సంతకం ఎవరిది, నీళ్లు ఎవరింట్లోకి? చెరువు అంచున భవన అనుమతులపై స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ పశ్చిమ శివారులో ఒక చెరువును ఆనుకుని అపార్ట్‌మెంట్ సముదాయానికి అనుమతి ఇచ్చారు. దాని వల్ల తమ వీధులు మునుగుతున్నాయని పక్క కాలనీవాసులు ఫిర్యాదు చేశారు. నాది ఒకటే ప్రశ్న. ఆ అనుమతి పత్రం మీద సంతకం ఎవరిది? కాలనీ సంఘం కార్యదర్శి గారూ, మీరు చెప్పండి.

కాలనీ సంఘం కార్యదర్శి: సంతకం సంగతి తరువాత చెప్తానండి. మా కాలనీకీ చెరువుకూ మధ్య ఉన్న స్థలం గుండానే మా వాననీరు చెరువులోకి దిగేది. నిరుడు వేసవిలో ఆ స్థలాన్ని ఆరడుగుల మేర మట్టితో నింపారు. అప్పటి నుంచి నీరు చెరువు వైపు పోలేక మా వీధిలోనే...

బిల్డర్ల ప్రతినిధి: క్షమించాలి మేడమ్, ఒక్క మాట. అది పట్టా భూమి. ప్రభుత్వం రిజిస్ట్రేషన్ చేసింది, స్టాంపు డ్యూటీ తీసుకుంది, ప్లాను మంజూరు చేసింది, రుసుములు కట్టించుకుంది. అన్నీ తీసుకున్న ప్రభుత్వమే రేపు బుల్డోజరుతో వస్తే, బ్యాంకు రుణంతో ఫ్లాటు కొన్న మధ్యతరగతి కుటుంబం ఎక్కడికి పోవాలి?

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు: పట్టా అంటున్నారు కాబట్టి చెప్పాలి. చెరువు నిండి అలుగు పారే మట్టమే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం. దాని లోపలి శిఖం భూమికి పట్టా ఉండవచ్చు, నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు. కట్టడం మాత్రం కట్టకూడదు. 2012 నాటి జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి.

బిల్డర్ల ప్రతినిధి: ఆ హద్దు ఎక్కడుందో ఎవరు చెప్పాలి సార్? ఎన్నో చెరువులకు ప్రాథమిక నోటిఫికేషనే తప్ప తుది నోటిఫికేషన్ లేదు. ఒక సర్వేలో నా స్థలం బయట ఉంటుంది, మరో సర్వేలో లోపలికి పోతుంది. హద్దురాయి వేయని ప్రభుత్వానిది తప్పా, రుసుము కట్టిన మాది తప్పా?

వ్యాఖ్యాత: మళ్లీ నా ప్రశ్నకే వస్తున్నాను. హద్దు తెలియకుండా సంతకం పెట్టింది ఎవరు?

విశ్రాంత పట్టణ ప్రణాళికాధికారి: సంతకం ఒకరిదే కావచ్చు, దాని వెనుక రెవెన్యూ, నీటిపారుదల శాఖల ఎన్‌వోసీలు, అంటే నిరభ్యంతర పత్రాలు ఉంటాయి. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. పెద్ద భవనాల దరఖాస్తులను 21 రోజుల్లో తేల్చాలి. ఆ గడువులో పరిశీలన ఆ ఒక్క స్థలానికే పరిమితమవుతుంది. ఎగువ నీరు ఎటు పోతుందన్న గడి దరఖాస్తులో...

వ్యాఖ్యాత: అంటే అధికారిని కాపాడుతున్నారా?

విశ్రాంత పట్టణ ప్రణాళికాధికారి: కాపాడటం కాదు, పద్ధతి చెబుతున్నాను.

బిల్డర్ల ప్రతినిధి: చూశారా, ఆయనే ఒప్పుకున్నారు, తప్పు పద్ధతిదని! (ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు) 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థను ఏర్పాటు చేశారు, ఆగస్టులో తుమ్మిడికుంట వద్ద కన్వెన్షన్ హాలును కూల్చారు. ఆ తరువాత కొనుగోలుదారులు భయపడుతున్నారు. మరొక్కసారి చెబుతున్నాను, మేము రుసుము కట్టాం...

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు: రుసుము కట్టినంత మాత్రాన నీరు దారి మార్చుకోదు కదండీ. 1908లో మూసీ వరద వచ్చాక 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అప్పటివారు ముందు...

బిల్డర్ల ప్రతినిధి: నిజాం కాలానికి పోతే ఎలా? ఆనాటి జనాభా ఎంత, ఈనాటి జనాభా ఎంత?

వ్యాఖ్యాత: నిజాం కాలంలో బాధ్యుడైన అధికారి పేరు అందరికీ తెలిసేదా?

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు: అది ఈ చర్చకు సంబంధించినది కాదు. 2020 అక్టోబరు సంగతే తీసుకోండి. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని నీరు మరొకదానికి చేరే వాగు మూసుకుపోతే, చివరికి కట్ట తెగుతుంది లేదా ఎవరో ఒకరి ఇల్లు మునుగుతుంది.

కాలనీ సంఘం కార్యదర్శి: నేను మొదట అడిగింది అదేనండి. స్థలాన్ని మట్టితో ఎత్తు చేయడానికి విడిగా అనుమతి ఉందా? మా వీధి లెవెల్ ఎవరైనా కొలిచారా? కమిటీ వేశామన్నారు, ఆ కమిటీలో...

బిల్డర్ల ప్రతినిధి: ఎత్తు చేయకపోతే మా సెల్లారులోకి నీరు వస్తుంది కదమ్మా! కొన్నవారి భద్రత మా బాధ్యత కాదా?

కాలనీ సంఘం కార్యదర్శి: మీ సెల్లారులోకి రాని నీరే మా ఇళ్లలోకి వస్తోంది.

(కొద్దిసేపు నిశ్శబ్దం)

వ్యాఖ్యాత: భావోద్వేగం అర్థమవుతుంది మేడమ్. సమయం తక్కువగా ఉంది. ఇరుపక్షాలకూ సమాన అవకాశం ఇస్తామని ముందే చెప్పాం కాబట్టి, చివరి నిమిషం బిల్డర్ల ప్రతినిధి గారిది.

బిల్డర్ల ప్రతినిధి: ధన్యవాదాలు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఒకటే. రిజిస్ట్రేషన్ చేశారు, స్టాంపు డ్యూటీ తీసుకున్నారు, ప్లాను మంజూరు చేశారు...

కాలనీ సంఘం కార్యదర్శి: (మైకు లేకుండా) మట్టి సంగతి చెప్పండి.

వ్యాఖ్యాత: సంతకం పెట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. విరామం తరువాత వాతావరణ విశేషాలు.