భయపడ్డ కంపెనీ రైలే బాగుంటుంది! జపాన్ రైళ్ళ లోపలి సంగతి

పోయిన వీడియో కింద మీరు చేసిన రచ్చ మొత్తం చదివాను. జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవి రైళ్ళ లోపలి చెక్కపని చూపించానా, సగం మందిది ఒకటే పాట. "రైలంటే టైముకి రావాలి, స్పీడుగా పోవాలి. చెక్క బ్లైండ్లు, పిల్లి బొమ్మలు ఎందుకన్నా? డబ్బు దండగ." దండగా? సరే, ఇవాళ ఆ సంగతే తేల్చుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తున్నా. జపాన్‌లో ఏ రైలైనా లోపల అందంగా ఉందంటే, ప్రయాణికులు ఎక్కడ చేజారిపోతారో అని భయపడ్డ కంపెనీ ఒకటి దాని వెనక ఉంటుంది. భయం లేని కంపెనీ రైలు చప్పగా ఉంటుంది. నేను ఎన్ని రైళ్ళు చూసినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తున్నాను.

టోక్యో నుంచి ఒసాకా పోయే బుల్లెట్ రైలు నోజోమి తీసుకోండి. ఎన్700 రకం రైలు. 16 బోగీలు, 1323 సీట్లు. ఏ రైలు చూసినా అదే లెక్క. ఒకటి మొరాయిస్తే ఇంకోటి తెచ్చి పెట్టినా సీటు నంబర్లు తారుమారు కాకూడదని అలా చేశారు. తెలివైన పనే, కాదనను. లోపలికెళ్తే? నీలం సీట్లు, లేత రంగు గోడలు, అటు మూడు, ఇటు రెండు. అంతే! దాన్ని నడిపే జేఆర్ సెంట్రల్ కంపెనీకి ఆ లైను బంగారు గుడ్లు పెట్టే బాతు. లోపల ఎలా ఉన్నా జనం ఎక్కుతారు. ఇంక బుర్ర పెట్టాల్సిన పనేముంది?

ఆగండి, ఒకటి ఒప్పుకోవాలి. మూడు సీట్ల వరసలో నడిమి సీటు ఉంది చూడండి, బి సీటు. పక్కవి 44 సెంటీమీటర్ల వెడల్పు, అదొక్కటే 46. ఇద్దరి మధ్య ఇరుక్కునే మనిషికి 2 సెంటీమీటర్లు ఎక్కువ ఇచ్చారు! నాకు అది భలే నచ్చింది. కానీ ఎందుకిచ్చారంటారు? నడిమి సీటంటే ఎవరికీ ఇష్టం ఉండదు కదా, అది ఖాళీగా మిగులుతుంది. నన్నడిగితే అక్కడ కూడా భయమే పనిచేసింది.

ఇప్పుడు క్యూషూకి రండి. 1987 ఏప్రిల్ 1న జపాన్ జాతీయ రైల్వేని జేఆర్ పేరుతో వేరువేరు కంపెనీలుగా పంచేశారు. అన్నదమ్ముల పంపకాల్లో ఒకడికి కాలువ కింద మాగాణి, ఇంకొకడికి బీడు వచ్చినట్టు, జేఆర్ సెంట్రల్‌కి టోక్యో-ఒసాకా టోకైడో లైను, జేఆర్ క్యూషూకి నష్టాలు. పైగా పక్కనే హైవే బస్సులు పోటీ. అప్పుడు వాళ్ళు పట్టుకున్న మనిషి మిటోఓకా ఎయిజి. రైలు ఇంజనీరు కాదండీ, బొమ్మలు గీసే డిజైనర్. 1992లో ఆయన చేతిమీదుగా 787 రకం రైలు, త్సుబామె ఎక్స్‌ప్రెస్ వచ్చింది. గుమ్మటం లాంటి పైకప్పుతో బఫే బోగీ పెట్టారు అందులో. 2003లో ఆ బఫే ఎత్తేసి సీట్లు వేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది!

2004లో 800 షింకన్‌సెన్. బుల్లెట్ రైలే, అయినా వరసకి ఐదు సీట్లు కాదు, నాలుగే. సీటు వీపు వంపు తిరిగిన చెక్క. ఎండ పడుతోందని కిటికీ తెర కిందికి లాగారనుకోండి, చేతికి గుడ్డ తగలదు, సన్నని చెక్క పట్టీలు తగులుతాయి. అడవి చెర్రీ చెక్క. ఇంక చేతులు కడుక్కునే చోటికి వెళ్ళండి. గుమ్మానికి తాళ్ళ తెర వేలాడుతుంది. అవి క్యూషూలోని యాత్సుషిరో ఊరి వైపు పండే ఇగుసా గడ్డితో పేనిన తాళ్ళు. జపాన్ ఇళ్ళలో నేల మీద పరిచే టటామి చాపలు అల్లేది కూడా ఈ గడ్డితోనే. మొదట్లో ఈ రైలు బయల్దేరేది ఎక్కణ్ణుంచో తెలుసా? షిన్ యాత్సుషిరో స్టేషన్ నుంచి! ఏ ఊరి రైలు ఎక్కారో మీ భుజానికి తగిలి మరీ చెబుతుంది ఆ తెర. దీన్నా మీరు దండగ అన్నది?

ఇదే కంపెనీ 2013 అక్టోబరులో మొదలుపెట్టిన విలాసాల రైలు నానాత్సుబోషి చూడండి. 7 బోగీలు, మొదట్లో 14 గదులు, 2022లో వాటిని 10 చేశారు. గదుల్లో చేతులు కడుక్కునే పింగాణీ తొట్లు 14వ సకాయిదా కాకియెమోన్ చేసినవి, అది ఆ ఇంట్లో తరతరాలుగా వచ్చే పేరు. క్యూషూలోని అరితా ఊరి పింగాణీలో ఆయన జాతీయ స్థాయి గౌరవం పొందిన కళాకారుడు. రైలు కదలడానికి నాలుగు నెలల ముందు, జూన్‌లో ఆయన పోయారు. ఒక మహా కళాకారుడి చివరి రోజుల పనితనం రైల్లో మొహం కడుక్కునే చోట ఉంది ఫ్రెండ్స్! నాకైతే ఒళ్ళు జలదరించింది.

"అది డబ్బున్నవాళ్ళ రైలన్నా" అంటారని తెలుసు. అందుకే ఒసాకాకి దక్షిణాన ఉన్న వాకాయామా చూపిస్తా. కిషిగావా లైను, మొత్తం 14.3 కిలోమీటర్లు. నాన్‌కాయ్ కంపెనీ నష్టాలు మోయలేక వదులుకుంది. 2006లో వాకాయామా డెంటెట్సు అనే చిన్న కంపెనీ ఎత్తుకుంది. కొత్త రైళ్ళు కొనలేదు. నాన్‌కాయ్ వాడిన పాత బోగీలకే మళ్ళీ మిటోఓకా చెయ్యి పడింది. ముందు స్ట్రాబెర్రీ రైలు, తర్వాత బొమ్మల రైలు, 2009లో టామా రైలు. టామా అంటే ఆ లైనులోని కిషి స్టేషన్‌కి మాస్టరుగా నియమించిన మూడు రంగుల పిల్లి. రైలు మీద 101 టామా బొమ్మలు, లోపల చెక్క సీట్లు, పిల్లలకి పుస్తకాల అర! మూతపడాల్సిన లైను ఈ రోజుకీ నడుస్తోంది. దండగ అన్నవాళ్ళు దీనికి జవాబు చెప్పండి.

"మరి హాంక్యూ పెద్ద కంపెనీయే కదా" అని ఎవరో అడిగారు. మంచి ప్రశ్న. ఒసాకా, కోబె మధ్య పక్కపక్కనే మూడు లైన్లు: హాంక్యూ, జేఆర్, హాన్‌షిన్. ఒక లైను నచ్చకపోతే జనం ఇంకో లైనుకి పోతారు. అందుకే మామూలు టిక్కెట్టుతో ఎక్కే రైల్లో మహాగని చెక్కలా కనిపించే గోడలు, అంగోరా మేక వెంట్రుకలతో నేసిన ఆలివ్ పచ్చ సీట్లు. అరచేత్తో ఎదురు నిమిరితే చాలు, ఆ పచ్చ కాస్త ముదురుతుంది. ఆఫీసుకి పోయే రైలండీ అది!

నోజోమి ఎక్కినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు, టోక్యోలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు కూడా. ఆ 1323 సీట్లలో మీరు కూర్చున్న సీటు గురించి ఒక్క సంగతి, ఒకే ఒక్కటి, కింద రాయండి చూద్దాం.