హాంకాంగ్ డాబాల మీద కార్బన్ ట్రైపాడ్: పిట్టగోడ దగ్గర దొరికిపోయింది!

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ ట్రైపాడ్ నేను కొనలేదు. కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, హాంకాంగ్ ఫ్లైట్ టికెట్లు కూడా నా జేబులోంచే పోయాయి. అప్‌లోడ్ చేసే ముందు వీడియో ఒకసారి చూపించమన్నారు, అది మాత్రం కుదరదన్నాను. ఇంకో విషయం, ఆ ట్రైపాడ్ ఇప్పుడు నా చేతిలో లేదు. ఎక్కడుందో చివర్లో చెబుతా.

స్పెక్స్ అన్నీ ఈపాటికి పది చానెళ్లలో చూసేసుంటారు, మళ్లీ చదివి మీకు విసుగు తెప్పించను. నాకు కావాల్సినవి మూడే అంకెలు. బరువు 1.3 కిలోలు. మధ్యలో పైకి లాగే కాలమ్, అదే కెమెరా కూర్చునే కడ్డీ, ఎత్తకుండా నిలబెడితే 118 సెంటీమీటర్లు, పూర్తిగా ఎత్తితే 148. ఈ రెండింటి మధ్య ఉన్న 30 సెంటీమీటర్ల మీదే ఇవాళ నా గొడవంతా.

మా బావమరిది హాంకాంగ్‌లో ఉంటాడు, కౌలూన్ వైపున్న శామ్ షూయ్ పోలో. పాతకాలపు బిల్డింగ్, ఎనిమిది అంతస్తులు, లిఫ్ట్ లేదు. నేను నవంబర్‌లో వెళ్లాను, ఎందుకంటే మార్చి, ఏప్రిల్‌లో అక్కడ పొగమంచు పట్టేసి టవర్ల పైభాగాలు కనపడవు, వేసవి వస్తే వానలు, తుఫాన్లు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గాలి పొడిగా ఉండి దూరం బాగా కనిపిస్తుంది. సరే, ఎనిమిది అంతస్తులు ఎక్కాం కదా, అక్కడ ఈ ట్రైపాడ్‌కి నేను నిజంగా దండం పెట్టాను. నా పాతది కోఠీలో కొన్న అల్యూమినియం ట్రైపాడ్, రెండున్నర కిలోలు. దాన్ని ఒకసారి గోల్కొండ పైదాకా మోసుకెళ్లి, దిగాక రెండు రోజులు భుజం పట్టేసింది. పైగా దాని క్లిప్పులు వేలు నొక్కేవి, ఇదిగో ఈ బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. కొత్తదానికి తిప్పి బిగించే లాకులు, చీకట్లో కూడా చేత్తో తడుముకుని పెట్టేయొచ్చు. కాళ్ల విషయంలో నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు.

ఇక డాబా. అక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, లేకపోతే నా ఫోటోల్లో ఇళ్లన్నీ ఎందుకు ఒకే ఎత్తులో ఉన్నాయో అర్థం కాదు. 1998 జులై దాకా కై టాక్ ఎయిర్‌పోర్టు కౌలూన్‌లోనే ఉండేది. విమానాలు ఈ ఇళ్ల మీదుగానే దిగేవి కాబట్టి ఎత్తుగా కట్టనిచ్చేవాళ్లు కాదు. అందుకే పాత కౌలూన్‌లో చాలా బిల్డింగులు దాదాపు ఒకే ఎత్తులో ఆగిపోయాయి. డాబా మీద నిలబడితే ఎదురుగా ఇంకో డాబా, దాని వెనక ఇంకోటి, నీళ్ల ట్యాంకులు, చేపముల్లులా ఉండే పాత టీవీ యాంటెనాలు, వెదురు కర్రలకి ఆరేసిన బట్టలు. వాటన్నిటి వెనకాల, ఎక్కడో దూరంగా, 484 మీటర్ల ఐసీసీ (ఇంటర్నేషనల్ కామర్స్ సెంటర్) టవర్. అంతస్తుల నంబర్లు 118 దాకా ఉన్న టవర్, నా ట్రైపాడ్ ఏమో 118 సెంటీమీటర్లు. అక్కడే నవ్వుకున్నాను, కాసేపటికి ఆ నవ్వు పోయింది.

ఎందుకంటే పిట్టగోడ. ఆ డాబా పిట్టగోడ నా ఛాతీ దాకా ఉంది, కొలిచి చూస్తే 120. పైగా మందం జానెడున్నర. ట్రైపాడ్‌ని మామూలుగా నిలబెడితే వైడ్ లెన్స్‌లో సగం ఫ్రేము సిమెంటే కనిపిస్తుంది. అంటే ఏం చేయాలి, కాలమ్ ఎత్తాలి. ఎత్తాను. సూర్యుడు సుమారు 5:40కి దిగిపోయాడు, ఆ తర్వాత ఓ పావుగంట నుంచి అరగంట దాకా ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది చూడండి, అప్పుడే కిటికీల వెలుగూ ఆకాశం వెలుగూ సరిసమానంగా వస్తాయి. ఆ కాస్త టైమ్ కోసమే ఇంత దూరం వెళ్లేది. ఐఎస్ఓ 100, ఎఫ్8, షట్టర్ పది సెకన్లు తెరిచే ఉంటుంది (ఆలోపు కెమెరా కదిలితే ఫోటో చెడుతుంది), రెండు సెకన్ల టైమర్, చేతి వణుకు సరిచేసే స్టెబిలైజేషన్ ఆఫ్. అన్నీ పద్ధతిగానే పెట్టాను. గాలి మాత్రం పద్ధతిగా లేదు.

మొదటి షాట్ చూసి బాగుందనుకున్నా, చిన్న స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. జూమ్ చేస్తే ఐసీసీలో ఒక్కో కిటికీ చుక్కలా ఉండాల్సింది కామాలా వంకర తిరిగింది. రెండో షాట్‌లో కామా కాస్తా రెండు చుక్కలైంది. మా బావమరిదికి కెమెరాల గురించి ఓనమాలు కూడా రావు, వాడు కూడా "బావా, ఇది ఊగుతోంది" అన్నాడు. సరే, ట్రైపాడ్ కింద కొక్కెం ఉంది కదా, బరువుకి కదలకుండా ఉంటుందని బ్యాగు తగిలించాను. అందరూ చెప్పే చిట్కా అదే. డాబా గాలిలో ఆ బ్యాగు గడియారం లోలకంలా ఊగి, ట్రైపాడ్‌ని ఇంకా కుదిపింది. బ్యాగు అడుగు నేలకి ఆనేలా తగిలిస్తేనే పనిచేస్తుంది, ఈ ముక్క ఎవరూ చెప్పరు. అలా ఆనించాక కూడా సన్నగా వణుకు మిగిలింది, ఎందుకంటే తప్పు కాళ్లది కాదు, బ్యాగుదీ కాదు. ఆ సన్నటి కాలమ్‌ది. బరువు తగ్గించడానికి వాళ్లు కోత పెట్టింది అక్కడే. పూర్తిగా బిగించాక కూడా వేలితో తడితే కెమెరా బిగించే హెడ్ మొత్తం టకటకమంటోంది.

అప్పటికి నీలం సగం అయిపోయింది. ఆ డాబా మీద ఒక ముసలావిడ వెదురు చాటలో ఆరెంజ్ తొక్కలు ఎండబెట్టుకుంటోంది, అచ్చం మన అమ్మమ్మలు డాబా మీద వడియాలు పెట్టినట్టు. చాలాసేపటి నుంచి నా తిప్పలు చూస్తోంది. లేచి, తను కూర్చున్న చెక్క బెంచీని కాలితో నా వైపు తోసింది. భాష రాదు, కానీ అర్థమైంది. మూడు కాళ్లూ బెంచీ మీద పెట్టి, కాలమ్ పూర్తిగా దించేశాను. ఇదిగో, ఈ ఫోటో అదే. ఎంత జూమ్ చేసినా కిటికీ కిటికీలాగే ఉంది, ఎదురు డాబా మీద ఎవరో ఆరేసిన గళ్ల దుప్పటి గళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. మొత్తం ట్రిప్‌లో బెస్ట్ ఫోటో ఇదే, దీని క్రెడిట్ నలభై సెంటీమీటర్ల పాత బెంచీకే పోతుంది.

ఇంకో మాట. అక్కడ తలుపు తెరిచి ఉందని ఏ బిల్డింగ్ పైకి పడితే ఆ బిల్డింగ్ పైకి ఎక్కేసే బ్యాచ్ ఒకటుంది, దయచేసి అలా చేయకండి, అవి జనం కాపురం ఉండే ఇళ్లు. మేం కూడా కింద వాచ్‌మన్‌ని అడిగే ఎక్కాం. అంచు మీద వేలాడే వీడియోల సంగతి అయితే ఇక చెప్పక్కర్లేదు, 2017లో చైనాలోని చాంగ్షాలో 62 అంతస్తుల బిల్డింగ్ అంచు పట్టుకుని పుల్-అప్స్ తీస్తూ ఒక కుర్రాడు పడి చనిపోయాడు. అడగకుండా ఎక్కగలిగే చోట్లు కూడా ఉన్నాయి. చిమ్ షా చూయ్‌లో ఓషన్ టెర్మినల్ పైన డెక్, సెంట్రల్‌లో ఐఎఫ్‌సీ మాల్ పైన గార్డెన్, వెస్ట్ కౌలూన్‌లో ఎం ప్లస్ మ్యూజియం పైకప్పు. ట్రైపాడ్ తీసే ముందు గార్డుని ఒక మాట అడగండి. రాత్రి 8 గంటలకి లైట్ షో ఉంటుంది, హార్బర్ ఒడ్డున జనం అంతా అప్పుడే చేరతారు, కానీ నవంబర్‌లో ఆ టైమ్‌కి ఆకాశం పూర్తిగా నల్లబడిపోతుంది. నన్నడిగితే ఆరుంపావుకల్లా ఫోటోలు ముగించుకుని, ఎనిమిదింటికి హాయిగా నూడుల్స్ తింటూ షో చూడండి.

మరి కొనాలా? కొండలెక్కేవాళ్లు, మెట్లెక్కేవాళ్లు, నేల మీద నిలబడి తీసేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, కాళ్లు అంత బాగున్నాయి. పిట్టగోడ మీంచి సిటీ తీయాలనుకునేవాళ్లు మాత్రం, అది హాంకాంగ్ అయినా కోకాపేట అయినా, వద్దే వద్దు. ఇంకో 300 గ్రాములు బరువెక్కినా పర్వాలేదు, కాలమ్ ఎత్తకుండానే 140 దాకా వచ్చేది చూసుకోండి. నాకు కోపం ఎందుకంటే, బాక్సు మీద పెద్ద అక్షరాలతో వేసిన ఎత్తు ఆ 148యే.

ఆ, ట్రైపాడ్ ఎక్కడుందో చెప్తానన్నా కదా. తిరిగి పంపక్కర్లేదు, ఉంచుకోమన్నారు కంపెనీ వాళ్లు. మా బావమరిదికి ఇచ్చేసి వచ్చాను. నిన్న వాట్సాప్‌లో ఫోటో పంపాడు. అదే డాబా, అదే పిట్టగోడ, కాలమ్ పూర్తిగా పైకెత్తి, దానికి రెండు చొక్కాలు తగిలించాడు. చొక్కాలు గాలికి ఊగుతున్నాయి.