జనవరి 26 మ్యాచ్, దాని హుండీ లెక్క

సభాధ్యక్షులకు, రెండు పేటల పెద్దలకు, వెనక వరుసలో కూర్చుని బూట్ల లేసులు సరిచేసుకుంటున్న ఆటగాళ్లకు నమస్కారం.

గణతంత్ర దినోత్సవం నాడు జెండా వందనం కాగానే హార్బరు వైపు పేటకూ రైల్వే క్వార్టర్ల వైపు పేటకూ జరిగే మన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మాట్లాడమన్నారు. కొన్నేళ్లుగా హుండీ లెక్క రాస్తున్నవాణ్ణి కనుక ఆట కంటే లెక్క గురించే ఎక్కువ చెబుతాను, మన్నించండి. ఈ మ్యాచ్‌ను సంక్రాంతికి మార్చాలని ఏటా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పండుగకు విశాఖలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి, అప్పుడు జట్టుకు పదకొండు మందిని పోగుచేయడమే గగనం. జనవరి 26 నాటికి అందరూ తిరిగి వచ్చేస్తారు, పండుగ ఖర్చుతో జేబులు కొంచెం తేలికపడి ఉంటాయంతే.

ఈసారి ఫ్లెక్సీ మీద ‘స్నేహపూర్వక పోటీ’ అని వేయించారు. నాకది నచ్చలేదు. స్నేహం మ్యాచ్ అయ్యాక టీ కొట్టు దగ్గర ఎలాగూ ఉంటుంది. మైదానంలో పంతం లేకపోతే జనం రారు, జనం రాకపోతే కేజీహెచ్ పెద్దాసుపత్రికి మన్యం నుంచీ ఒడిశా సరిహద్దు నుంచీ రోగులను తీసుకువచ్చి రోజుల తరబడి ఆరుబయట గడిపే బంధువుల భోజనాలకు మనం ఇచ్చే సొమ్మూ పోగవదు.

సెలవు రోజున ఆట ఆడి దానికి జోలె పట్టడం మనం కనిపెట్టిన పద్ధతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణంలో డిక్, కెర్ అనే కర్మాగారంలో ఆయుధ సామగ్రి తయారుచేసిన ఆడపిల్లలు ఒక జట్టు కట్టి, 1917 క్రిస్మస్ రోజున గాయపడిన సైనికుల సహాయార్థం డీప్‌డేల్ మైదానంలో ఆడితే పది వేల మంది చూడటానికి వచ్చారు. మూడేళ్లు తిరిగేసరికి, 1920 డిసెంబరు 26న, అక్కడ అదీ సెలవు రోజే, లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో వారు సెయింట్ హెలెన్స్ మహిళల జట్టుతో తలపడినప్పుడు మైదానం లోపలే 53,000 మంది ఉన్నారని, చోటు లేక వేల మంది బయటే ఉండిపోయారని, 3,115 పౌండ్లు వసూలయ్యాయని లెక్కలు చెబుతున్నాయి.

మరుసటి ఏడాది డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడరాదని తీర్మానించింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదన్నది ఒక కారణం. వసూలైన దానిలో ఖర్చులకే ఎక్కువ పోయి, దానానికి తక్కువ మిగులుతోందన్నది రెండో కారణం. మొదటిది వట్టి దురభిప్రాయం, దానిపై చర్చ అనవసరం. నన్ను ఆలోచింపజేసింది రెండోదే: ఎవరి ఆటనైనా ఆపాలనుకున్నవాడికి లెక్కల మీద అనుమానాన్ని మించిన సాధనం లేదు. ఆ నిషేధం తొలగడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

పంతం హద్దు దాటితే ఏమవుతుందో కలకత్తాను చూసి తెలుసుకోవాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ నాడు గ్యాలరీల్లో గొడవ చెలరేగి 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి నుంచి ఆ తేదీన వారి జ్ఞాపకార్థం అక్కడ రక్తదానం చేస్తున్నారు. అందుకే మన గ్రౌండులో రెండు పేటల వాళ్ల మధ్య తాడు కట్టినప్పుడు దయచేసి ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు.

ఇక మన తప్పు. ఒక ఏడాది షామియానాకు, మైకుకు, ఆటగాళ్లకు పంచిన అరటిపళ్లకు హుండీ సొమ్ములోంచే ఇచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మిగిలిన మొత్తాన్నే ప్రకటించాం. రాసింది నేనే కనుక తప్పులో నా వాటా పెద్దది. దొంగతనం జరగలేదు, కానీ మరుసటి ఏడాది డబ్బా పట్టుకుని తిరిగితే నోరు తెరిచి ఎవరూ ఏమీ అనకుండానే సగం చేతులు జేబుల దాకా వెళ్లలేదు. అప్పటి నుంచి ఖర్చులకు వేరే చందా వసూలు చేస్తున్నాం, హుండీలో పడింది పడినట్టే ఇచ్చేస్తున్నాం.

ఈసారి కూడా సగం ఆట కాగానే వేపచెట్టు కింద బల్ల మీద ఇద్దరు కెప్టెన్ల ఎదుట డబ్బాలు బోర్లిస్తాం. హార్బరులో చేపలమ్మే అమ్మలు వేసిన నోట్లు తడిగా, వాసనతో ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. వాటిని విడదీసి, ఆరబెట్టి లెక్కించడానికి ఓపిక ఉన్న పిల్లలు ఇద్దరు కావాలి. మొత్తం మైకులో చదివాక కెప్టెన్లు పుస్తకంలో సంతకం పెడతారు. పోయినసారి పేజీలో మొత్తం కింద ఒక వరుస ఉంది, కావలసినవారు వచ్చి చూడవచ్చు: ‘చిరిగిన పది రూపాయల నోటు ఒకటి, బ్యాంకులో మార్చి కలిపాం.’