ఉప్పునీళ్ల రోజు

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో దస్తీ అడ్డం పెట్టుకుని కూర్చున్న అక్కకు నమస్కారం. ఆస్తమా రోజు కదా, ఇన్‌హేలర్ పట్టుకోవడం చూపించమన్నారు. చూపిస్తాను. దానికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది, ముప్పయ్యేళ్లుగా కడుపులో పెట్టుకున్నది.

నేను ఊపిరితిత్తుల ల్యాబులో టెక్నీషియన్‌ని. కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడ్డానికి, ఒప్పుకున్న ఆస్తమా వాళ్లకు పడని దుమ్మునే కొద్దికొద్దిగా పీల్పిస్తారు. ప్రతి మోతాదూ ముందుదానికి రెట్టింపు. ఊదిస్తే మొదటి సెకనులో వచ్చే గాలి 20 శాతం తగ్గిందా, ఆపేయాలి. 1960ల్లో రోజర్ ఆల్టూన్యాన్ అనే, తనకే ఆస్తమా ఉన్న డాక్టరు తనకు పడని గినీ పంది వెంట్రుకల పొట్టును తానే పీల్చి మందులు పరీక్షించుకున్నాడు. క్రోమోగ్లైకేట్ అనే ఆస్తమా మందు అట్లా దొరికిందే.

అయితే దుమ్ముకంటే ముందు ఉత్త ఉప్పునీళ్ల ఆవిరి పీల్పించాలి. దానికే గాలి 10 శాతం మించి తగ్గితే ఆ రోజుకు పరీక్ష బంద్. ఎందుకంటే, ఆ మనిషి ఊపిరి గొట్టాలు అప్పటికే రెచ్చిపోయి ఉన్నాయన్నమాట.

మాకు వచ్చినాయన వరంగల్ ఎనుమాముల మార్కెట్ హమాలీ. మిర్చి సీజన్. చొక్కా విప్పి కుర్చీకి వేస్తే ల్యాబంతా తుమ్ములు. ఉప్పునీళ్లకే 2.40 లీటర్ల నుంచి 2.04కు పడ్డాడు. ఎంతయింది? పదిహేను శాతం!

"సారూ, రాత్రంతా బస్తాలు దించిన. ఉత్త నీళ్లకే గిట్లయితే, దుమ్ము పెడితే ఏమైతదో" అన్నాడు.

చదువుకోని మనిషి, అసలు విషయం ఆయనకే తెలిసింది. మిర్చి ఘాటు అలర్జీ కాదు, మంట. కానీ ఆ మంటలో ఉన్న గొట్టాలు ఏది పీల్చినా బిగుసుకుంటాయి. రెండు వారాలాగి పిలుద్దామన్నాను. మా పెద్దసారు "రిపోర్టు పంపాలె, కానియ్" అన్నారు.

ఆ ఫోను కొంచెం బంద్ చేయండి బాబూ.

కానిచ్చాం. మొదటి మోతాదుకే 20 శాతం దాటింది. గంటన్నరకు తేరుకున్నాడని ఇంటికి పంపేశారు. ఇక్కడే, అక్కా, జాగ్రత్తగా వినాలి. దుమ్ము దెబ్బ చాలామందిలో రెండుసార్లు కొడుతుంది. మొదటిది అరగంటలోపే వచ్చి గంటా రెండు గంటల్లో పోతుంది. రెండోది మూడు నుంచి ఎనిమిది గంటల మధ్య, చెప్పకుండా వస్తుంది. సాల్బుటమాల్, అంటే గొట్టాలను వెంటనే వదులు చేసే మందు, మొదటిదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని ఆపలేదు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ముఖ్యంగా ఆపేది ఆ రెండోదాన్ని. మరి దాన్ని కొలవకుండా మందు మంచిదో కాదో ఎట్లా చెప్తారు? పైగా ఊపిరి పొద్దున్న ఒక తీరు, రాత్రి ఒక తీరు. అందుకే దుమ్ము లేకుండా ఉత్త ఉప్పునీళ్లే పీల్పించే రోజు ఒకటి వేరే పెట్టి, ఆ రోజు కూడా గంటగంటకూ ఊదించి పక్కన పెట్టుకుంటేనే తేడా తెలిసేది.

రాత్రి ఎనిమిదింటికి కొడుకు ఆయన్ని ఆటోలో తెచ్చాడు. పెదాలు నీలం. బతికాడు లెండి, మళ్లీ మార్కెట్‌కే పోయాడు.

ఆ రోజే రిజిస్టర్లో ఆయన వరస పక్కన పెన్సిల్‌తో రాశాను: "ఉప్పునీళ్లకే 15 శాతం. లెక్కలోకి తీసుకోవద్దు." నెల తర్వాత తెరిచి చూస్తే అక్కడ రబ్బరుతో రుద్దిన మరక ఉంది. కింద నా సంతకం మాత్రం అట్లనే ఉంది.