పిలిచే పేరొకటి, కాగితం మీద పేరొకటి: రెండింటినీ కలిపేది ఏ కాగితం?

[తెర మీద: రెండు పేర్లు, మధ్యలో ‘ఉరఫ్’ అన్న మాట]

గద్దర్ అంటే హైదరాబాద్‌లో తెలియనివాళ్లు ఉండరు. గుమ్మడి విఠల్ రావు అంటే మాత్రం చాలామంది ఒక క్షణం ఆగుతారు. కొణిదెల శివశంకర వరప్రసాద్ అంటే చిరంజీవి. శ్రీరంగం శ్రీనివాసరావు అంటే శ్రీశ్రీ. పేరున్నవాళ్ల సంగతి అలా ఉంచితే, మన ఇళ్లల్లోనూ ఇదే తీరు. బళ్లో రాయించిన పేరొకటి, వాడకట్టంతా పిలిచేది మరొకటి.

ముందుగా ఒక మాట. మోసం చేసే ఉద్దేశం లేనంతవరకు ఇంకో పేరుతో పిలిపించుకోవడం తప్పు కాదు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాస్‌పోర్ట్ దరఖాస్తులోనే ‘మీకు వేరే పేర్లు ఉన్నాయా’ అని ఒక ప్రశ్న, ‘ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా’ అని ఇంకో ప్రశ్న ఉంటాయి. ఆ రెండూ ఒకటి కాదు. ఈ తేడా తెలియకే చాలామంది అవసరం లేని గెజిట్ (ప్రభుత్వం అచ్చువేసే అధికారిక ప్రకటనల పత్రిక) కోసం తిరుగుతుంటారు, అవసరం ఉన్నవాళ్లేమో నోటరీ కాగితంతో సరిపెట్టుకుంటారు.

[తెర మీద: ఒప్పందం మొదటి పేజీ నమూనా]

కలం పేరు, వేదిక పేరు వాడేవాళ్ల సంగతి చూద్దాం. వీళ్లు ఏ కాగితమూ మార్చుకోనక్కర్లేదు. ఒప్పందంలో మాత్రం మొదటి పేజీలోనే పాన్‌లో ఉన్న పేరు రాసి, పక్కన ‘ఉరఫ్’ అని వాడుక పేరు రాయించుకోవాలి. పారితోషికం పాన్‌లో ఉన్న పేరు మీదే తీసుకోవాలి. వాడుక పేరుతో రాసిన చెక్కు ఖాతాలో జమ కాదు. పాన్ నంబరు తప్పుగా ఇస్తే పారితోషికంలోంచి ముందే కోసిన పన్ను, అంటే టీడీఎస్, మీ లెక్కలో కనిపించదు.

కలం పేరుతో రాసేవాళ్లు కాపీరైట్ గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత ఎవరో తెలియకుండా మారుపేరుతో వచ్చిన రచనకు హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్లే. ఆ గడువు లోపల అసలు రచయిత ఎవరో వెల్లడైతే, ఆయన మరణం తర్వాత 60 ఏళ్లు. అసలు పేరు పుస్తకంలో ఎక్కడో ఒకచోట అచ్చయి ఉంటే వారసులకు మేలు.

[తెర మీద: ‘కె. వెంకట రమణ’, ‘కొత్తపల్లి వెంకటరమణ’, ‘వెంకట రమణ కె’]

ఇక మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. ఇంటిపేరు ముందు, అది కూడా ఒక్క అక్షరమే. పదో తరగతి మెమోలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో ఇంటిపేరు చివర. మనిషి ఒక్కరే, కంప్యూటరుకు ముగ్గురు. పీఎఫ్ డబ్బు ఆగేది, పాన్-ఆధార్ లింకు కానిది ఎక్కువగా ఇక్కడే. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు గడిలో, మొదటి పేరు గడిలో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పూర్తిగా రాయాలి.

దీనికి గెజిట్ అక్కర్లేదు. ఇది పేరు మార్పు కాదు, పొడి అక్షరాన్ని విప్పి రాయడం. ఇంటిపేరు పూర్తిగా ఉన్న గుర్తింపు పత్రం ఒకటి చూపించి ఆధార్‌లో సరిచేయించుకోవాలి. పాతవి మార్చడం కుదరనిచోట ‘ఈ రెండు పేర్లూ ఒక్కరివే’ అని నోటరీ అఫిడవిట్ ఇస్తారు. ‘వన్ అండ్ సేమ్’ అఫిడవిట్ అంటే నోటరీలందరికీ తెలుసు. అందులో ప్రతి పేరునూ ఏ పత్రంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా, పత్రం నంబరుతో సహా రాయాలి. ఉత్తగా ‘రెండూ నేనే’ అని రాస్తే ఏ ఆఫీసులోనూ నిలబడదు.

[తెర మీద: పాస్‌పోర్ట్ పేజీ నమూనా, ఇంటిపేరు గడి ఖాళీ]

విదేశాలకు వెళ్లేవాళ్లు ఈ గడిని తప్పక చూసుకోండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాయిస్తే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు అయిపోతుంది, మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడి లైసెన్సు మీద, ఉద్యోగ పత్రాల మీద అదే వెంట వస్తుంది. యూఏఈ అయితే 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్ట్‌లో ఒంటి పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వనని చెప్పింది. దుబాయికి అన్ని కుటుంబాలు వెళ్లొచ్చే నగరం మనది, టికెట్ కొనకముందే పాస్‌పోర్ట్ తెరిచి చూడాలి.

పూర్తిగా పేరు మార్చుకోవాలనుకునేవాళ్లకే గెజిట్. ఇక్కడ వరుస ముఖ్యం.

[తెర మీద: అఫిడవిట్, రెండు పేపర్ ప్రకటనలు, గెజిట్]

మొదట నాన్-జుడిషియల్ స్టాంపు పేపరు మీద అఫిడవిట్. పాత పేరు, కొత్త పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా, మార్చుకోవడానికి కారణం ఉండాలి. పాత పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే ఉండాలి, నోటితో చెప్పి రాయించకండి. నోటరీ చేయించాక రెండు దినపత్రికల్లో ప్రకటన, సాధారణంగా ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లిష్. క్లాసిఫైడ్స్‌లో నాలుగైదు లైన్లు చాలు. ప్రకటనలో ఆధార్ నంబరు, ఫోన్ నంబరు వేయించొద్దు. అచ్చయ్యాక కత్తిరింపు ముక్క ఒక్కటే కాదు, తేదీ ఉన్న పేజీ మొత్తం దాచుకోవాలి.

ఆ తర్వాత తెలంగాణ గెజిట్. దరఖాస్తు వెళ్లేది చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయానికి. అఫిడవిట్, రెండు ప్రకటనలు, పాత పేరున్న గుర్తింపు పత్రాలు, ఫోటోలు, ఫీజు కట్టిన చలానా జత చేస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు రాష్ట్ర గెజిట్ చాలదు, ఢిల్లీలో వెలువడే భారత గెజిట్‌లో రావాలి.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది స్పెల్లింగు దగ్గర. అఫిడవిట్‌లో రెండు ‘ఎ’లు, ప్రకటనలో ఒకటి, గెజిట్‌లో పదాల మధ్య ఖాళీ లేదు... ఇలా వస్తే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది. కొత్త పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి అచ్చుప్రతినీ దానితో సరిచూడండి. న్యూమరాలజీ చూసి అక్షరం చేర్చుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ చేర్చిన అక్షరాన్నే డీటీపీ చేసేవాళ్లు పొరపాటనుకుని తీసేస్తుంటారు.

గెజిట్ చేతికొచ్చాక మొదట ఆధార్. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, అందుకే ప్రయోగాలకు అది చోటు కాదు. ఆధార్ మారాకే పాన్, తర్వాత బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్ట్. ఓటరు జాబితాకు ఫారం 8. అన్నిటికీ ఒకేరోజు దరఖాస్తు పెడితే, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసులోని పాత పేరు చూసి వెనక్కి పంపుతుంది.

[తెర మీద: పదో తరగతి మెమో నమూనా]

పదో తరగతి మెమో మాత్రం గెజిట్ చూపిస్తే మారిపోతుందని ఆశ పెట్టుకోకండి. బడి రిజిస్టరులో ఒకలా ఉండి మెమోలో తప్పు పడితే, హెడ్‌మాస్టర్ ద్వారా సవరణకు పంపొచ్చు. పెద్దయ్యాక ఇష్టపడి పెట్టుకున్న పేరు వేరే సంగతి. సుప్రీంకోర్టు 2021లో జిగ్యా యాదవ్ కేసులో సీబీఎస్ఈ గురించి తీర్పునిస్తూ, తన పేరు మీద మనిషికి ఉన్న అధికారం భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. అయినా రోజువారీ పనుల్లో జరిగేది ఒక్కటే: పాత మెమో, పాత డిగ్రీ అలాగే ఉంటాయి, గెజిట్ ప్రతి వాటికి జత అవుతుంది.

పెళ్లయిన ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. మార్చుకోవాలనుకుంటే వివాహ ధ్రువపత్రం దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల దారి వేరు. 2019 చట్టం కింద జిల్లా కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం ఉంటే, జనన ధ్రువపత్రంతో సహా గుర్తింపు పత్రాలన్నిటిలో మొదటి పేరు మార్చుకునే హక్కుంది. వీళ్ల విషయంలో బ్యాంకు పేరు త్వరగా మార్చుకోవడం చాలా అవసరం. యూపీఐ స్కాన్ చేసిన ప్రతిసారీ పాత పేరు ఎదుటివాళ్ల తెర మీద కనబడడం చిన్న బాధ కాదు.

పిల్లల విషయానికొస్తే, పేరు లేకుండా జననం నమోదైనప్పుడు 12 నెలల్లోపు పేరు చేర్పించడానికి ఫీజు లేదు. తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు చేర్పించొచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికీ, పాస్‌పోర్ట్‌కీ, ఓటుకీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. అందులో పడే స్పెల్లింగే జీవితాంతం నడుస్తుంది.

[తెర మీద: బీమా పాలసీలో నామినీ గడి]

చివరగా, ఇంట్లో ఉన్న పాలసీలు, బ్యాంకు డిపాజిట్లు ఈరోజే ఒకసారి తీయండి. నామినీ గడిలో ముద్దుపేరు రాసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. క్లెయిము వచ్చినప్పుడు ఆ పేరుతో ఆధార్ ఉండదు, అప్పుడు పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. నామినీ మార్పు చిన్న ఫారమే, పాలసీదారు బతికుండగా ఆయన సంతకంతో అయిపోతుంది.