ముడుచుకునే గాలం కర్ర: కొనేముందు అతుకులు చూడండి

సభకు నమస్కారం. కృష్ణ ఒడ్డున పెరిగిన మనకు గాలం అనగానే గుర్తొచ్చేది వెదురు గెడ. దాని మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది. మధ్యలో ఎక్కడా అతుకు లేదు కనుక చేప లాగిన బలం కొస నుంచి మొదలు దాకా సాఫీగా పాకి, చివరకు మన మణికట్టుకు చేరుతుంది. అయితే పది అడుగుల గెడను భుజాన వేసుకుని, విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో మాచర్ల బస్సెక్కి, సాగర్ వైపు రెండు రాత్రుల క్యాంపింగ్‌కు వెళ్ళడం కుదిరే పని కాదు. డేరా, పరుపు, వంట స్టవ్వుతో పాటు వీపు సంచిలోనే ఇమిడిపోయే కర్ర కావాలి. పొట్టిగా ముడుచుకోవాలంటే అతుకులు పెరగాలి. అతుకు ఉన్న ప్రతి చోటా కర్ర విరగడానికో, వదులవడానికో, బిగుసుకుపోవడానికో అవకాశం ఉంటుంది. అందుకే కొనడానికి వెళ్ళినప్పుడు అది ఎంత పొట్టిగా ముడుచుకుంటుందన్న లెక్క కన్నా ముందు దాని అతుకులను పరీక్షించాలని మీకు గట్టిగా చెప్పదలచుకున్నాను.

బజారులో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి టెలిస్కోపిక్ రాడ్డు: పాత రేడియో ఏరియల్‌లాగా ఒక గొట్టంలోకి మరొకటి దూరిపోతుంది. రెండోది నాలుగు ముక్కల రాడ్డు: ముక్కలను విడివిడిగా సంచిలో పెట్టుకుని, నీటి దగ్గరికి వెళ్ళాక ఒకదానిలో ఒకటి బిగించుకోవాలి. ఏడడుగుల రాడ్డు అంటే సుమారు 213 సెంటీమీటర్లు. దాన్ని నాలుగు చేస్తే, అతుకుల్లో దూరే భాగంతో కలిపి ఒక్కో ముక్క 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. టెలిస్కోపిక్‌వి చాలావరకు 40, 50 సెంటీమీటర్లకే ముడుచుకుంటాయి. ఆ పది పదిహేను సెంటీమీటర్ల కోసం మొత్తం అతుకుల పద్ధతినే మార్చుకోవడం నా దృష్టిలో లాభసాటి బేరం కాదు. నాలుగు ముక్కల రాడ్డుకు అతుకులు మూడే. పైగా ముక్కలు విడిగా వస్తాయి కనుక ప్రతి అతుకునూ తుడుచుకోవచ్చు, కంటితో చూసుకోవచ్చు.

ఈ అభిప్రాయం నాకు ఊరికే కలగలేదు. కొన్నేళ్ళ క్రితం అమరావతికి ఎగువన ఒక ఇసుక తిన్నె మీద డేరా వేసుకున్నాను. సాయంత్రం గాలికి లేచిన ఇసుక, తెరిచి ఉంచిన టెలిస్కోపిక్ రాడ్డు అతుకుల మీద పడింది. నేను గమనించలేదు. తెల్లవారుజామున బెండు మునిగింది, బొచ్చె చేప పడింది. కర్ర వంచుతూ లాగుతుండగా పై నుంచి రెండో ముక్క కిర్రుమని కాస్త లోపలికి జారి, దారం దూరి వెళ్ళే దాని రింగు పక్కకు తిరిగిపోయింది. రింగులు ఒకే వరుసలో లేకపోయేసరికి దారం అంచుకు ఒరుసుకుని తెగింది. చేప పోయినందుకు కాదు, దాని నోట్లో గాలం మిగిలిపోయినందుకు ఆ రోజంతా బాధపడ్డాను. తర్వాత ఆ ముక్కను బయటకు తీస్తే, అతుకు చుట్టూ ఇసుక గీసిన సన్నని వలయాలు వేలిగోటికి తగిలాయి. ఆ గీతలు పడిన అతుకు మళ్ళీ ఎన్నడూ సరిగా పట్టలేదు.

అయినా టెలిస్కోపిక్ రాడ్డే తీసుకోవలసిన అవసరం కొందరికి ఉంటుంది. సైకిల్ మీద తిరిగేవారికి, చిన్న సంచితో నడిచేవారికి అది తగినదే. వారు దాన్ని విదిలించి తెరవకూడదు. అలా తెరిస్తే అతుకులు బిగుసుకుపోతాయి. కొస ముక్కతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా నెమ్మదిగా లాగుతూ, రింగులను వరుసకు తెచ్చుకుంటూ తెరవాలి. ముడిచేటప్పుడు లావు ముక్క దగ్గర మొదలుపెట్టి, ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచిన తర్వాతే లోపలికి పంపాలి.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ నాలుగు ముక్కల రాడ్డును చూడండి. దుకాణంలో చేయవలసిన పరీక్షలు దీని మీదే చూపిస్తాను. మొదట ఒక కన్ను మూసి, పిడి వైపు నుంచి కొసకు చూడాలి. రింగులన్నీ ఒకే గీత మీద కనబడాలి. రెండోది, చిటికెడు దూదిని ప్రతి రింగులోనూ తిప్పాలి. లోపలి పింగాణీ వలయంలో వెంట్రుకంత పగులున్నా దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. అక్కడే రేపు మీ దారమూ తెగుతుంది. మూడో పరీక్షే అసలైనది. రింగుల గుండా దారం ఎక్కించి, చివరను స్నేహితుడి చేత పట్టించి, కర్రను మెల్లగా పైకెత్తాలి. అది విల్లులాగా ఒకే వంపుగా వంగాలి. అతుకు దగ్గర మోచేయి మడిచినట్టు కోణం కనబడితే ఆ రాడ్డు వద్దని తిరిగి ఇచ్చేయండి, ఎంత చవకైనా సరే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొన్ని రాడ్లలో, లోపలికి దూరే కడ్డీ ఉన్న అతుకు దగ్గర, రెండు ముక్కల మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ కావాలనే ఉంచుతారు. వాడకంలో అతుకు అరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గుతుంది. తెలియనివారు దాన్ని లోపమనుకుని బలవంతంగా నొక్కి పగలగొడుతుంటారు. ఆ కడ్డీకి కాస్త కొవ్వొత్తి మైనం రుద్దితే పట్టు చక్కగా ఉంటుంది.

ఇక దేనితో చేశారన్నది చూడాలి. కార్బన్ తేలిక, దారానికి తగిలిన చిన్న తాకిడినీ చేతికి చెబుతుంది. కానీ సంచిలో స్టవ్వుకు కొట్టుకుని గాటు పడితే, బరువు పడ్డప్పుడు ఆ గాటు దగ్గరే ఠక్కున విరుగుతుంది. ఫైబర్ గ్లాస్ బరువెక్కువైనా మొరటు వాడకానికి తట్టుకుంటుంది. రెండూ కలిపి చేసినవి క్యాంపింగ్‌కు మేలని నా అనుభవం. కార్బన్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ మరువరాదు. బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్ల మీద, వాటికి అడ్డంగా ఎన్ని కరెంటు తీగలు పోతున్నాయో మీకు తెలుసు. తీగల కింద రాడ్డు ఎత్తకండి. ఉరుము వినబడితే రాడ్డు కింద పెట్టి గట్టు దిగండి. తడిసిన ఫైబర్ గ్లాస్‌నూ, వెదురునూ కూడా నమ్మడానికి వీల్లేదు.

పొడవు విషయంలో మన నీళ్ళే మనకు కొలత. కలమంత ముడుచుకుని, తెరిస్తే మీటరు పొడవుండే కలం రాడ్లు ముచ్చటగానే ఉంటాయి కానీ, ఒడ్డు వెంట గుర్రపుడెక్క, జమ్ము అల్లుకున్న చోట దారాన్ని వాటి మీదుగా ఎత్తి పట్టాలంటే ఏడడుగులైనా కావాలి. శీలావతి, బొచ్చె పడినప్పుడు వాటి మొదటి పరుగును ఓర్చుకునే మధ్యస్థ బలం చాలు. గుర్రపుడెక్క సందుల్లో పొంచి ఉండే కొర్రమేనును బయటకు లాగాలంటే ఇంకాస్త గట్టి కర్ర అవసరం. పిడికి పైన ముద్రించిన అంకెలు తప్పక చదవండి. ఎన్ని గ్రాముల ఎర విసరవచ్చో, ఎన్ని పౌండ్ల లాగుడుకు తట్టుకునే దారం వాడవచ్చో అక్కడే ఉంటుంది. దారం చుట్టుకునే రీలు 2500 సైజుది సరిపోతుంది.

ఇంటికి తెచ్చాక దాన్ని కాపాడే తొడుగు కోసం ఖరీదైన పెట్టె అక్కర్లేదు. ప్లంబింగ్ సామాను దొరికే చోట రెండంగుళాల పీవీసీ గొట్టం, రెండు మూతలు కొని, రింగులతో సహా ముక్కలు పడతాయో లేదో ఒకసారి పెట్టి చూసుకుని కోయించుకోండి. బస్సులో ఎవరి పెట్టె మీద పడినా రాడ్డుకు ఏమీ కాదు. సముద్రం మీద వేయడానికి సూర్యలంకకో, మంగినపూడికో వెళితే, తిరిగి రాగానే మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టాకే అందులో పెట్టండి.

చెరువులను చాలాచోట్ల మత్స్యకారుల సంఘాలు పాటకు తీసుకుంటాయి. వారిని అడగకుండా గాలం వేయడం వారి కూటికి గండి కొట్టడమే. కొల్లేరు అభయారణ్యం, అక్కడ వేయనే వద్దు.

ఈ బల్ల మీద మూడు రాడ్లు, దూది, ఒక స్ప్రింగు త్రాసు ఉంచాను. మూడింటిలో ఒకదాని అతుకు మంచిది కాదు. పైన ఫ్యాన్లు ఆపించాను కనుక భయం లేకుండా పైకెత్తవచ్చు. ఒక్కొక్క వరుసగా వచ్చి, దారం చివరను త్రాసు కొక్కేనికి తగిలించి, ఒక కిలో చూపేదాకా వంచి, ఏ రాడ్డు ఎక్కడ కోణం తిరుగుతోందో మీరే కనిపెట్టండి.